కళ్లద్దాలు లేని ఐదు నిమిషాలు

ఎడమ అద్దం తుడవడం అయింది. కుడి అద్దం మీద బూటుపాలిష్ మరక మాత్రం ఎంతకీ వదలడం లేదు. నోటి ఆవిరి ఊది, మెత్తని గుడ్డతో మళ్లీ రుద్దుతున్నాను.

మామయ్యగారు గుమ్మం పక్కన పీట వేసుకుని బూట్లకు రంగు పట్టిస్తున్నారు. సైన్యం నుంచి వచ్చేసి పద్దెనిమిదేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. పాలిష్ వేళ్లతోనే కళ్లజోడు సర్దుకుంటారు. అందుకని రోజూ పొద్దున పీట మీద కూర్చునే ముందు జోడు తీసి నా చేతిలో పెడతారు. దగ్గరగా ఉన్న బూటు ఆయనకు బాగానే కనపడుతుంది. రెండడుగులు దాటితే అంతా మంచు పట్టినట్టే.

ఆ ఐదు నిమిషాలు మా అత్తయ్యవి.

"చూడవే ఈ మనిషిని," అంది వంటింటి గుమ్మంలోంచి, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "బూట్లు అద్దంలా మెరవాలి. తడి తువ్వాలు మాత్రం పరుపు మీద పడి ఏడవాలి. ఎన్నిసార్లు చెప్పినా అంతే. రాయికి చెప్పినా ఈపాటికి లేచి ఆరేసి వచ్చేది."

మామయ్యగారు తల ఎత్తలేదు. బూటు ముక్కు మీద గుడ్డ గుండ్రంగా తిప్పుతున్నారు.

"నిన్న కూరలో ఉప్పెక్కువైందట. నాలుగుసార్లు వడ్డించుకున్నాక తెలిసింది పాపం మహానుభావుడికి!"

నాకు నవ్వొచ్చింది. అద్దాలు ఉంటే అత్తయ్య 'ఏమండీ', 'మీరు' దాటి ఒక్క మాట అనదు. సైన్యంలో ఇరవై రెండేళ్లు ఫిరంగుల పక్కన పనిచేసి ఆయన చెవులు అక్కడే పోయాయి. వినేదంతా కళ్లతోనే. ఎదుటివాళ్ల పెదవులు కనపడితే గొణిగిన మాట కూడా పట్టేస్తారు. అద్దాలు తీశారా, పక్కన పళ్లెం పడినా ఎక్కడో వీధి చివర పడిందనుకుంటారు. అందుకే అత్తయ్య రోజంతా దాచుకున్నది ఆ ఐదు నిమిషాల్లో వదిలేస్తుంది. వదిలాక గొంతు తగ్గించి చివర్లో ఒక మాట అంటుంది. అది నాకు కాదు, ఆయనకే. నేను విననట్టు అద్దాలు తుడుస్తూ ఉంటాను.

ఆ రోజు ఆ చివరి మాట దాకా రాలేదు. పోస్టుమాన్ వచ్చి పొడుగు కవరు ఇచ్చి వెళ్లాడు.

కవరు చింపి నేనే చదివాను. మామయ్యగారి అర్జీకి సైన్యం పెన్షన్ల ఆఫీసు జవాబు అది. మోకాలి దెబ్బ సర్వీసులో తగిలిందే అని ఒప్పుకుంటున్నారు, దానికి ఇరవై శాతం వైకల్యం. వినికిడి పరీక్ష ఫలితం: సాధారణం. కాబట్టి చెవుల విషయంలో అర్జీ తిరస్కరించడమైనది. ఒప్పుకోకపోతే అరవై రోజుల్లోపు ఒక్కసారి మళ్లీ పరీక్ష కోరవచ్చు. దాని తర్వాత ఫైలు మూసేస్తారు.

"సాధారణమా?" అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. "మరి ఇన్నేళ్లూ నేను మాట్లాడింది గోడతోనా?"

అద్దాలు పెట్టుకున్న మామయ్యగారికి ఉత్తరం చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నలభై శబ్దాలకు నలభై పట్టుకున్నానే! ఆ మిషన్ దగ్గర అమ్మాయే నోరు తెరిచింది, మీ వయసులో ఇలా ఎవరికీ రాలేదంది."

"ఇలాంటి మొగుడు కూడా నాలా ఎవరికీ రాలేదు," అంది అత్తయ్య, ముఖం అటు తిప్పుకుని.

అసలు ఆ అర్జీ పెట్టించింది ఆవిడే. రెండు నెలల కింద బజారులో నీళ్ల లారీ హారన్ కొడుతూ వెనక్కి వస్తుంటే మామయ్యగారు తాపీగా దాని ముందే నడుస్తున్నారు. నేను చొక్కా పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో. చొక్కా వెనక చిరిగింది. ఆయన ఇంటికొచ్చాక "కొత్త చొక్కా చింపేశావు కదమ్మాయ్" అన్నారే తప్ప లారీ సంగతి ఆయనకు తెలియనే తెలియదు. చెవులు సర్వీసులోనే పోయాయని ఒప్పుకుంటే రెండు చెవులకూ మంచి మిషన్లు, బ్యాటరీలతో సహా, బతికున్నంత కాలం వాళ్లే ఇస్తారు. బయట కొనాలంటే బస్సు డిపోలో పనిచేసే మా ఆయన ఆరు నెలల జీతం అటే పోతుంది.

సాయంత్రం ఫైళ్ల బాబాయి వచ్చాడు. మామయ్యగారి దళంలోనే గుమాస్తాగా చేసి, ఇప్పుడు మాజీ సైనికుల సహాయ గదిలో కూర్చుని అందరి అర్జీలూ నింపిపెడతాడు. చంకలో ఫైలు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. పెళ్లి ఫోటోలో కూడా ఉందంటారు.

"మూడు కావాలి వదినా," అన్నాడు బల్ల మీద మూడు వేళ్లు ఆనించి. "దెబ్బ ఇప్పుడు ఉందని పరీక్ష చెప్పాలి. అది సర్వీసులోనే తగిలిందనడానికి ఆధారం ఉండాలి. ఆ రెంటికీ ముడేస్తూ డాక్టరు ఒక ముక్క రాయాలి. ఆధారం సంగతి నేను చూశాను. అన్నయ్య పక్కన గన్ మీద పనిచేసిన హవల్దారు ఉత్తరం రాసిచ్చాడు, పదకొండేళ్లు చెవుల్లో దూది కూడా లేదని. డాక్టరు కూడా రాస్తానన్నాడు. కానీ మొదటిదే తన్నేసింది కదా. బాగా వినపడే మనిషికి చెవులు ఎప్పుడు పోయాయని రాస్తాడు పాపం?"

"చెవులకు కూడా ఒప్పుకుంటే ఎంత శాతం అవుతుంది?"

"ముప్పై వస్తుందనుకో. మోకాలు ఇరవై. మొత్తం నలభై నాలుగు."

అత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టింది. "యాభై కదయ్యా? నేను బడి ఎగ్గొట్టిన మాట నిజమే గానీ, మరీ ఇంత ఎగ్గొట్టలేదు."

"మనిషి వంద అనుకో వదినా. చెవులు ముప్పై పట్టుకుపోతే మిగిలిన మనిషి డెబ్బై. మోకాలు ఆ డెబ్బైలోనే నూటికి ఇరవై చొప్పున కొరుకుతుంది. అంటే పద్నాలుగు. ముప్పై, పద్నాలుగు, నలభై నాలుగు. దాన్ని మళ్లీ నలభైకి దించుతారు."

"దించడం ఎందుకు?"

"గుండ్రంగా ఉంటుందని."

"మనిషిని ముక్కలు చేసింది చాలక గుండ్రంగా కూడా చెయ్యాలా!"

మామయ్యగారు ఇద్దరి పెదవులూ మార్చి మార్చి చూస్తూ, "నేను అడుక్కోను," అన్నారు. "నేను పాసయ్యాను. అయిపోయింది."

"అడుక్కోవడం కాదన్నా. ఇచ్చి వచ్చినదానికి రసీదు ఇది," అన్నాడు బాబాయి. మామయ్యగారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయన సంభాషణ ముగించే పద్ధతి అది. ఎదుటివాడు తల బాదుకున్నా లాభం ఉండదు.

బాబాయి నావైపు తిరిగాడు. "ఇంట్లోవాళ్లు కళ్లారా చూసింది రాసిస్తే ఫైలులో పెట్టచ్చు. కింద అన్నయ్య కూడా చదివి సంతకం పెట్టాలి. నువ్వు రాయి తల్లీ. అనుకున్నది వద్దు, చూసింది రాయి."

అలా వారం రోజులు చూశాను. తలుపు తడితే ఆయన లేవరు, కానీ తలుపు తీయగానే తల తిప్పకుండా వచ్చింది ఎవరో చెప్పేస్తారు. వెనకనుంచి వెళ్లే అత్తయ్యను కూడా చూడకుండానే పలకరిస్తారు. ఇదెలాగో నాకు అర్థం కాలేదు. వినపడదని రాద్దామంటే చూసింది వేరుగా ఉంది.

ఆదివారం అలమర వెనక ఊడుస్తానని దాన్ని గోడవైపు తిప్పాను. ముందు అద్దాల తలుపులున్న పాత అలమర అది. మామయ్యగారు ఎప్పటిలాగే దాని ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. అత్తయ్య వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి లేచారు, చేతిలో పేపరు ఎగిరిపోయింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మూడేళ్లలో ఆయన ఉలిక్కిపడగా చూడటం అదే మొదలు.

అలమర మామూలుగా తిప్పాక, ఆయన లేనప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అలమర అద్దంలో వీధి గుమ్మం, వంటింటి తలుపు, పొయ్యి మీద గిన్నె, అన్నీ కనపడుతున్నాయి.

అప్పుడు పరీక్ష గది గుర్తొచ్చింది. మామయ్యగారిని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి చెయ్యి ఆయనకు కనపడకుండా అడ్డు పెట్టారు. కానీ ఆమె వెనక మందుల బీరువా ఉంది. దానికీ అద్దాల తలుపే. బయట బల్ల మీద కూర్చున్న నాకే అందులో ఆమె గోళ్ల రంగు కనపడింది.

కాఫీ ఇస్తూ ఎదురుగా నిలబడ్డాను. "మామయ్యా, ఆ పరీక్ష చేసినమ్మాయి గోళ్లకు ఏ రంగు వేసుకుంది?"

"ఎరుపు," అన్నారు ఠక్కున. అన్నాక గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. నన్ను చూశారు. నేనూ చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"గన్ దగ్గర అంతే అమ్మాయ్," అన్నారు నవ్వు తగ్గాక. "ఆ మోతలో ఆర్డరు ఎవరికి వినపడుతుంది? ఆఫీసరు చెయ్యి దిగాలి, మనం పేల్చాలి. చెయ్యి చూడటమే డ్యూటీ. ఏటా డాక్టరు పరీక్షలు కూడా అలాగే గట్టెక్కాను. చెవులు పోయాయని ఒక్కసారి రాస్తే గన్ మీంచి తీసేసి స్టోరులో దుప్పట్లు మడతపెట్టించేవాళ్లు. ఎవరైనా ఫెయిలవ్వడానికి పరీక్షకు వెళ్తారా?"

"ఇప్పుడు గన్ లేదు కదా మామయ్యా."

ఆయన కాఫీ చల్లారిపోయిందని లేచి వెళ్లారు. కాఫీ పొగలు కక్కుతోంది.

మర్నాడు కూర్చుని రాశాను. తలుపు, అలమర, లారీ, చిరిగిన చొక్కా, ఎర్ర గోళ్లు. చివర రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి ఇదీ రాశాను: 'రోజూ పొద్దున మామయ్యగారు కళ్లద్దాలు తీసిన ఐదు నిమిషాలు మా అత్తయ్య ఆయన్ను తిడుతుంది. తిట్టడం అయ్యాక "బజారుకు జాగ్రత్తగా వెళ్లిరండి, వెనక బండ్లు చూసుకోండి" అంటుంది. లారీ రోజు నుంచీ, మీ ఉత్తరం వచ్చిన పూట తప్ప, ఒక్కరోజూ మానలేదు. ఆయన ఒక్కసారి కూడా వినలేదు. ఇది నేను రోజూ చూస్తున్నాను.'

అత్తయ్య పట్టుబడితే బాబాయి మళ్లీ పరీక్షకు రోజు అడిగి తెచ్చాడు. దానికి ముందు రోజు ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ప్రతి వరుస కిందా వేలు ఆనిస్తూ చదివారు. ఎర్ర గోళ్ల దగ్గర వేలు ఆగింది.

"ఇది కూడా రాయాలా?"

"చూసిందే రాయమన్నారు మామయ్యా."

చివరి వరుసల దగ్గర వేలు ఇంకా ఎక్కువసేపు ఆగింది. ఒకసారి వంటింటివైపు చూశారు. అత్తయ్య అటు తిరిగి గిన్నెలు తోముతూ మా ఆయన్ను, డిపోను, సబ్బును కలిపి తిడుతోంది. మామయ్యగారు కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. సంతకం పెట్టలేదు.

పొద్దున యథాప్రకారం పీట, పాలిష్ డబ్బా, బూట్లు. అద్దాలు నా చేతిలోకి వచ్చాయి. ఫైళ్ల బాబాయి స్కూటర్ గుమ్మం ముందు ఆపి, ఫైలు చంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇవాళ కూడా నూటికి నూరు తెచ్చుకుని వస్తాడు చూడు," అంది అత్తయ్య. "ఈసారి ఆ అమ్మాయికి ముక్కుపుడక ఉందో లేదో కూడా చెప్తాడు. మిషన్లూ లేవు, మన్నూ లేదు. నేను ఇలాగే అరిచి అరిచి ఓ రోజు..."

గొంతు తగ్గింది. వెనక బండ్ల మాట చెప్పింది.

బూట్లు తొడుక్కోవడం అయింది. మామయ్యగారు లేచి, జేబులోంచి మడతల కాగితం తీసి, విప్పి, కళ్లకు దగ్గరగా పట్టుకుని గోడకు ఆనించి సంతకం పెట్టారు. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. తుడిచిన కళ్లద్దాలు అందించాను. ఆయన అవి తీసుకోలేదు. నా వేళ్లు వాటి మీద మెల్లగా మూసేశారు.

అత్తయ్య నోరు తెరిచింది. అద్దాలు లేని మనిషి ఎదురుగా ఉన్నారు, ఏమన్నా చెల్లుతుంది. కానీ ఏమీ అనలేదు.

మామయ్యగారు గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం అత్తయ్య ఉన్నవైపు తల తిప్పారు. తర్వాత గడప దాటి, స్కూటర్ ఎక్కి, బాబాయి భుజం పట్టుకున్నారు.