టార్పీల నిప్పు

సబీనా గాన్ పొద్దున్నే లేచి పొయ్యిలో రెండు నిప్పుల మీద బూడిద తీస్తుంది. కుడివైపుది గాన్‌లది, ఎడమవైపుది టార్పీలది. బంగాళదుంపలు నేలలోనే కుళ్ళిపోయిన కరువేడు, ఓడెక్కబోయే ముందు టార్పీలు తమ పొయ్యిలో నిప్పుని పటకారుతో తెచ్చి ఈ ఇంట్లో పెట్టారు. "మేమొచ్చేదాకా ఆరనివ్వకండి" అని వెళ్ళారు. మా మేయో జిల్లాలో అప్పట్లో అంతా అలాగే చేసేవాళ్ళు. టార్పీలు మళ్ళీ రాలేదు. గాన్‌ల ఇంట్లో ఎందరో పుట్టారు, పోయారు, నిప్పు మాత్రం ఆరలేదు.

అలా అప్పజెప్పిన నిప్పు తనవాళ్ళని గుర్తుపడుతుంది. అలాగే నిప్పు అప్పజెప్పి వెళ్ళిన డర్కన్‌ల మనవడు షికాగో నుంచి వచ్చినప్పుడు వాళ్ళ నిప్పు పొయ్యి దిగి నేరుగా అతని కాళ్ళ దగ్గరికే పోయింది. కొత్త బూట్లు కాలిపోయాయని ఆ మహానుభావుడు ఊరంతా తిరిగి ఏడ్చాడు.

ఇప్పుడు సబీనాకి మోకాళ్ళు పట్టేశాయి. టౌన్లో ఫ్లాటుకి తీసుకుపోదామని మేనల్లుడు మాలకీ వ్యాను తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. అక్కడ పొయ్యి లేదు, గోడకి హీటరుంది.

"ఇక చాలత్తా! ఇన్నాళ్ళూ రానివాళ్ళు ఇప్పుడొస్తారా? నీళ్ళు పోసేసి బయల్దేరు."

"నువ్వు నీళ్ళు పొయ్‌రా చూద్దాం! చెయ్యి విరగ్గొడతా."

అరిచింది గానీ, పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు మోసుకొచ్చే ఓపిక తనకిక లేదని ఆమెకి తెలుసు. ఏడుపొచ్చింది.

అంతలో గుమ్మంలో ఎవరో కొత్త మనిషి నిలబడింది. పేరు సొలాంజ్ బ్రిసెట్ అట, కెనడా నుంచి వచ్చిందట.

"మా తాత వాళ్ళ నాయనమ్మ చంటిపిల్లగా ఓడ దిగిందండీ. అమ్మానాన్నలు దారిలోనే పోయారు. బ్రిసెట్‌లు పెంచి, తమ కోడల్నే చేసుకున్నారు. తన ఇంటిపేరేంటో పాపం ఆవిడకే తెలీదు. మేయో నుంచని మాత్రం ఓడలోవాళ్ళు చెప్పారట."

మాలకీ నవ్వాడు. "పేరూ లేదు, ఊరూ లేదు! ఇంక ఎవర్నని వెతుకుతావు తల్లీ?"

"అందరూ అదే అంటున్నారు" అంది సొలాంజ్. "రేపు వెళ్ళిపోతున్నా. మళ్ళీ రాలేను."

"వాడి మాటలకేం గానీ, లోపలికొచ్చి చలి కాచుకో" అంది సబీనా.

సొలాంజ్ గడప దాటిందో లేదో, ఎడమవైపు నిప్పు చిటపటమంది. పొయ్యి దిగి, బండల మీదుగా గబగబా వచ్చేసింది. సొలాంజ్ హడలిపోయి వెనక్కి జరిగితే అదీ జరిగింది.

"బూట్లు విప్పెయ్, బూట్లు!" మాలకీ అరిచాడు.

"భయపడకే పిచ్చిదానా, పలకరిస్తోంది!" సబీనా నవ్వుతూ, ఏడుస్తూ ఆమెని వాటేసుకుంది. "టార్పీల ఆడపడుచువే నువ్వు! మీ ఇల్లు అదిగో, ఆ గుట్ట మీద. కప్పు పోయింది గానీ పొయ్యి గట్టిగానే ఉంది. మీ నిప్పు మీ పొయ్యిలో పెడితే మా మాట తీరినట్టే. పద!"

పటకారుతో నిప్పు పట్టుకుని సొలాంజ్ ముందు నడిచింది. వెనకాల మాలకీ వ్యానులో పీట్ గడ్డలూ, వాటి పక్కన మహారాణిలా సబీనా. చూసినవాళ్ళంతా పనులొదిలేసి వెంటపడ్డారు. ఒకాయన వయొలిన్ కూడా తెచ్చాడు.

మొండిగోడల మధ్య పాత పొయ్యిలో సొలాంజ్ నిప్పు పెట్టింది. పొగ సుడి తిరిగి పైకి లేచింది. కింద రోడ్డు మీద పోస్టుమాన్ సైకిలాపి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎవరర్రా అక్కడ? ఎవరింట్లో పొగ?"

సబీనా నోరు తెరవబోయింది. సొలాంజ్ ఆగలేదు. రాళ్ళ మీదికెక్కి, గుట్టంతా మారుమోగేలా అరిచింది:

"టార్పీలం! ఇంటికొచ్చాం!"