బేరం చూడవచ్చిన బస్సు

సరిహద్దు వంతెన ఇవతల ఉన్న ఆరు గదుల లాడ్జి అత్తాకోడళ్లది. పక్క దేశం నుంచి వారం వారం వచ్చే టూరిస్టు బస్సే వాళ్ల పొయ్యి వెలిగించేది. ఎదురుగా అద్దాల హోటలు లేచేసరికి బస్సు గైడమ్మ తేల్చి చెప్పేసింది: "ఈసారి మావాళ్లు మెచ్చుకుంటేనే మళ్లీ ఇక్కడ దిగేది. లేకపోతే ఎదురుగానే."

కోడలు నడుం బిగించింది. వచ్చినవాళ్లకు సొంతింట్లో ఉన్నట్టుండాలని గదుల్లో వాళ్ల దేశపు టీవీ చానళ్లు పెట్టించింది. వాళ్ల టీపొడి, వాళ్ల బిస్కెట్లు తెప్పించింది. గోడలకు వాళ్ల కొండల బొమ్మలు తగిలించింది. ఇక ఆమెకున్న బెంగల్లా అత్తగారి నోరే.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. రేపొద్దున కూరలామెతో గొడవ పెట్టుకోకండి."

"గొడవేంటే? అది బేరం. బేరమాడకుండా కొన్న కూర ఉడకదు."

తెల్లారింది. అతిథులు టీ ముందు పెట్టుకుని, తమ ఊరి వార్తలే చూస్తూ ఆవలిస్తున్నారు. వాళ్లలో ఒక కళ్లజోడాయన గైడమ్మతో ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారు?" అంది కోడలు.

"మా ఇల్లు చూడ్డానికి మేం వంతెన దాటి రావాలా, అంటున్నారు."

అంతలోనే గుమ్మం దగ్గర అత్త బేరం మొదలైంది.

"ఇవి వంకాయలా, నా చెంపలా? ఇన్ని ముడతలేంటే!"

"నీ చెంపలకు ఇంత నిగనిగ ఎక్కడిదక్కా?"

"బుట్టెత్తుకుని పో!"

"పోతే వెనక్కి పిలవకూడదు మరి!"

కూరలామె పోయింది. నాలుగడుగులు వేసి తనే నిలబడింది. అత్త అటు తిరిగి, కొత్తగా కట్టినట్టు గోడ వంక చూస్తోంది.

కోడలు తలుపు మూయబోతే, అతిథులంతా ఆమెను తోసుకుంటూ బయటికొచ్చారు. వాళ్ల దేశంలో ప్రతి సరుకు మీదా ధర అంటించి ఉంటుందట. దాన్ని గురించి నోరెత్తడమే మర్యాద కాదట. కూరలామె తిరిగొచ్చి బుట్ట దించగానే చప్పట్లు కొట్టారు. కళ్లజోడాయన తానూ బేరమాడతానన్నాడు. కూరలామె బెండకాయలకు వేళ్లతో ధర చూపించింది. ఆయన గంభీరంగా తలాడించి, అంతకంటే ఎక్కువ వేళ్లు చూపించాడు.

కూరలామె ముక్కున వేలేసుకుంది. "అక్కా, ఈయనకు కాస్త నేర్పు. ఇలాగైతే పాపం నాకు చుట్టుకుంటుంది!"

"తగ్గించాలి నాయనా, తగ్గించాలి! ముందు మొహం చిట్లించు."

గైడమ్మ ఆ మాట వాళ్ల భాషలో చెప్పేలోపే ఆయన అత్త మొహం చూసి చిట్లించేశాడు.

గైడమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "బస్సు ఇక్కడే ఆగుతుందమ్మా. వారం వారం ఈ ఆట ఉండాలి, అంతే."

"ఆటేంటమ్మాయ్? ఉత్తుత్తి బేరం నా నోటికి రాదు. వంటకు కూరలు వాళ్లే కొనాలి, వాళ్లు కొన్నవే వండాలి. అప్పుడైతే బేరంలో నిజం కోపం వస్తుంది."

కోడలు సరేనంది. ఆ మధ్యాహ్నం అందరూ ముదురు బెండకాయలు నమల్లేక నమిలారు. తనే బేరమాడి కొన్న కళ్లజోడాయన మాత్రం అడిగి మరీ మారు వడ్డించుకున్నాడు.