బండి నెత్తిన బెత్తెడు

మా బావ విజేందర్ మంచివాడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఈయన నవ్వు మొహం పెట్టుకుని, మన కంచంలోనే ఇంత ముద్ద తిని, చెయ్యి కడుక్కుని పోయి మనకే గొయ్యి తవ్వుతాడు. అడిగితే "ఊకె పరాచికమాడిన పిల్లా" అంటాడు. అక్క మొగుడు కదా, పరాచికమాడే హక్కు ఉందట. ఆ హక్కు మరదలికి కూడా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

బొలేరో పికప్పు మా ఇద్దరిదీ. చెరి సగం వేసుకుని కొన్నాం. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలు కొని ఆదివారం అంగడికి తోలడం ఆయన పని. నా పని కయాకులు. అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవలు. మా ఊరి దగ్గరి రిజర్వాయర్‌లో పట్నం వాళ్లను వాటి మీద తిప్పుతాను, ఒడ్డు వెంబడి సైకిళ్లు తొక్కిస్తాను. మా నాయిన నా వాటా కింద ఇచ్చిన గొర్రెలను అమ్మి నాలుగు పడవలు కొన్నానని తెలిసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. బావకైతే పండగే. పొద్దున్నే వేపపుల్ల నములుకుంటూ మా గుమ్మం ముందుకు వచ్చేవాడు.

"ఏం పిల్లా, నీ గొర్లు ఈనినయా?"

"ఈనితే ముందు నీకే చెప్త బావా. మంత్రసానివి నువ్వే గద!"

పడవలను నీళ్ల దగ్గరే వదిలేద్దామంటే కుదరదు. ఎండకు పెళుసెక్కుతాయి. లేదంటే ఎవరో ఒకరు ఎత్తుకుపోయి బర్రెలకు కుడితి తొట్టి చేసుకుంటారు. ఇంటి నుంచి తీసుకుపోవాలి, తీసుకురావాలి. కిందటిసారి కిరాయి ట్రాలీ మాట్లాడితే ఆ మహానుభావుడు పడవలను అడ్డంగా పడేసి, దారి పొడవునా తుమ్మకొమ్మలకు గీకిస్తూ, మధ్యాహ్నానికి తెచ్చి దించాడు. హైదరాబాదు నుంచి జనాన్ని పోగుచేసి తెచ్చే సుస్మిత మేడం అప్పటిదాకా ఎండలో కూర్చుంది. తర్వాత ఫోన్ చేసింది.

"నాగరాణి గారూ, మీ చోటు నాకు ఇష్టమే. కానీ వచ్చే శనివారం మీ సొంత బండిలో, చెప్పిన టైముకి పడవలు నీళ్ల దగ్గరుండాలి. లేదంటే నేను వేరే చోటు చూసుకుంటాను. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాను? నాకు వచ్చే జనమంతా ఆవిడ వెంట వచ్చేవాళ్లే. ఆవిడ పోతే పడవలు అమ్ముకుని మళ్లీ మంద వెనక కర్ర పట్టుకోవాలి. మంద వెనక తిరగడం నాకు నామోషీ కాదు, పుట్టినప్పటి నుంచీ చేసిన పనే. కానీ నేను ఎంచుకుని మొదలుపెట్టిన పని ఇదొక్కటే. అది పోతుందంటే అన్నం సయించలేదు.

కాబట్టి బండికి పైన ఒక చట్రం కావాలి. అక్కడ మొదలైంది లొల్లి.

బావ కూడా సరిగ్గా అప్పుడే బండికి పంజరం కట్టిస్తానన్నాడు. చుట్టూ ఇనుప ఊచలు, మధ్యలో ఒక అటక. కింద పెద్ద గొర్రెలు, పైన పిల్లలు. "మేడ లెక్క ఉంటది," అన్నాడు. కదలకుండా వెల్డింగ్ చేయిస్తాడట. అది బిగిస్తే ఇక నా పడవలకు జాగా ఎక్కడిది?

వెల్డింగ్ పెద్దులన్న దుకాణం ముందు ఇద్దరం వాదులాడుకున్నాం. నేను ఫోన్‌లో చూసిన పద్ధతులన్నీ చెప్పాను. పడవలను పడుకోబెడితే రెండే పడతాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందిది నలుగుతుంది. క్యాబిన్ మీద బోర్లిస్తే ముక్కు ముందుకు వచ్చి రోడ్డు కనబడదు. అదే పక్కకు ఒరగేసి నిలబెడితే నాలుగూ పడతాయి. వాటిని పట్టుకోవడానికి చట్రం రెండు పక్కలా కొమ్ముల్లాగా ఇనుప గొట్టాలు లేపాలి, వాటికి పాత ట్యూబు రబ్బరు చుట్టాలి. సైకిళ్లు కింద నిలబడతాయి. చట్రాన్ని బోల్టులతో బిగిస్తే వెనక జాగా అంతా ఖాళీగానే ఉంటుంది, ఆయన గొర్రెలు ఆయన ఎక్కించుకోవచ్చు.

"బోల్టులూడి నీ పడవలు నా గొర్ల మీద పడితే?" అన్నాడు బావ.

"గొర్లు ఈదుకుంట అంగడికి పోతయి, నీకేం ఫికర్?"

పెద్దులన్న నవ్వాపుకోలేక వెల్డింగ్ అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చివరికి మా అక్క ఉమారాణి తీర్పు చెప్పింది. మా ఇంట్లో అక్క మాటకు అప్పీలు లేదు. "ముందు దాని చట్రం కట్టుండ్రి. శనివారం నాడు పడవలు నెత్తిన పెట్టుకోని బండి నీళ్ల కాడికి చేరితే చట్రమే ఉంటది, శనివారాలు దానియి. చేరకపోతే పంజరం. ఇగ నా చెవుల కాడ లొల్లి పెట్టొద్దు."

బావ అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రిజర్వాయర్ కట్ట మీదికి పెద్ద లారీలు ఎక్కకుండా దారికి అడ్డంగా ఒక ఇనుప దూలం పెట్టారు. దాని కింద నుంచే బండి పోవాలి. నేనేమీ తెలివితక్కువదాన్ని కాదు, ముందే పోయి వెదురు బద్దతో ఎత్తు కొలిచి, వెంట్రుకవాసి తగ్గించి గాటు పెట్టి, ఆ బద్దనే పెద్దులన్న చేతికిచ్చాను. "గీ గాటు దాటొద్దన్నా" అని మరీ మరీ చెప్పాను.

శనివారం పొద్దున పడవలు ఎక్కించి, తాళ్లు బిగించి, సైకిళ్లు కింద నిలబెట్టి నేనే బండి తోలుకుంటూ బయలుదేరాను. చట్రం కిర్రుమనలేదు, కదల్లేదు. నా సంతోషం ఏం చెప్పను! దారిలో పొలం పనికి పోతున్న ఆడవాళ్లు ఆగి చూస్తుంటే హారన్ కొట్టాను కూడా.

కట్ట దగ్గర సుస్మిత మేడం, ఆవిడ మనుషులు రెండు కార్లు ఆపుకుని నిలబడి ఉన్నారు. చెప్పిన టైము కంటే నేనే ముందు. ఠీవిగా దూలం కిందికి పోనిచ్చాను.

ఠంగ్!

దిగి చూశాను. చట్రం కొమ్ములు దూలానికి తగులుతున్నాయి. ఎంతో కాదు, బెత్తెడు. నాలుగు వేళ్ల మందం. పడవలు దించినా లాభం లేదు, తగిలేది పడవలు కాదు, ఇనుము. మోసుకుపోదామంటే అక్కణ్ణించి నీళ్లు రెండు కిలోమీటర్లు. చక్రాల్లో గాలి తీసేద్దామని ఒకాయన అన్నాడు. తీస్తే మళ్లీ నింపేదెవరు, ఆయన తాతా? పెద్దులన్నకు ఫోన్ చేశాను.

"గాటు దాటొద్దంటిని గదనే అన్నా!"

"నేను గాటు కాడికే కోసిన చెల్లె. అటెన్క మీ బావ వచ్చిండు. పడవలు ఒరిగి పడుతయని నువ్వు భయపడుతున్నవట, బెత్తెడు పెంచుమన్నవట. అతుకేసిన. ఏమైంది?"

ఏమైందో తల ఎత్తితే కనబడింది. కట్ట వాలు మీద మర్నాటి అంగడి గొర్రెలను మేపుకుంటూ, తువ్వాలు మడిచి కింద వేసుకుని, ఆటకు ముందు వరసలో టికెట్టు దొరికినవాడిలా కూర్చుని ఉన్నాడు మా బావ.

"ఏమైంది పిల్లా? బండి అలిగిందా?"

నాకు ఏడుపు వచ్చింది. నిజంగానే వచ్చింది. సుస్మిత మేడం వాచీ చూసుకుంటోంది, మొహంలో కోపం కూడా లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం. ఇంకొక్క నిమిషం ఆ మొహం చూసి ఉంటే అక్కడే బోరుమనేదాన్ని. చూడకుండా బండి వైపు తిరిగాను.

తిరిగితే బండి వెనక భాగం ఎత్తి పెట్టుకుని నిలబడి ఉంది. పడవలు బరువు లేనివి, సైకిళ్లూ అంతే. బండికి అసలు ఏదో ఎక్కినట్టే లేదు. అదే ఆదివారం బావ గొర్రెలు ఎక్కిస్తే? వెనక చక్రాల మీది పట్టీలు అణిగి, రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా వెనక వేలాడే కుచ్చులు నేలకు రాసుకుంటాయి.

కళ్లు తుడుచుకున్నాను.

"మేడం, జర సైకిళ్లు దించుకుంటరా? మీరు ముందు తొక్కుకుంట పోండి. నేను వెనకాలే వస్త."

బండిని వెనక్కి తిప్పి వాలుకు ఆనించి, వెనక తలుపు గట్టు మీదికి వాల్చాను. క్యాబిన్‌లో సీటు వెనక బావ తుమ్మకాయల సంచి ఎప్పుడూ ఉంటుంది. అంగట్లో మొండికేసిన గొర్రెలను మరిపించడానికి పెట్టుకుంటాడు. ఎండిన తుమ్మకాయ గలగలమంటే గొర్రె కన్నబిడ్డను కూడా మరిచిపోతుంది. సంచి విప్పి బండిలో దోసెడు చల్లి, మిగిలింది గట్టిగా ఆడించి, మా నాయిన దగ్గర నేర్చిన కూత వేశాను.

తలలన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత చూడాలి! వాలు మీద నుంచి దుమ్ము లేపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మా బావను దాటుకుని, ఆయన తువ్వాలు తొక్కి, సరాసరి వచ్చి బండి ఎక్కాయి.

"అరె! అరె! నా గొర్లు! ఓ పిల్లా!" అంటూ లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు బావ.

"నీ గొర్లే బావా. జర ఎరువు తీసుకుంటున్న, మళ్ల ఇస్త!"

సైకిళ్లెక్కిన వాళ్లు దిగి మరీ నవ్వుతున్నారు. సుస్మిత మేడం అయితే వెనకబడిన ఒక పొట్టేలును రెండు చేతులతో వెనక నుంచి నెట్టి తలుపు తనే వేసింది. బండి కిందికి కుంగింది. మొదటి గేరులో, ఊపిరి బిగబట్టి దూలం కిందికి పోనిచ్చాను. ముందు కొమ్ములు కర్రుమని రంగు గీకించుకున్నాయి. వెనకవి హాయిగా దూరాయి. బావ దూలం అవతలే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఆ రోజు మాకు జాతరే. గొర్రెలు ఒడ్డున నీళ్లు తాగి పడుకున్నాయి, పట్నం వాళ్లు పడవలెక్కి అలిసిపోయేదాకా తిరిగారు, గొర్రెలతో ఫోటోలు దిగారు. పోయేముందు సుస్మిత మేడం నా చెయ్యి పట్టుకుని, "వచ్చే శనివారం ఇంకో గుంపును తెస్తాను. గొర్రెలు కూడా ఉంటాయా?" అని అడిగింది. వాటి ఓనరును అడిగి చెబుతానన్నాను.

ఓనరు గారు ఊరికే ఉంటారా? మధ్యాహ్నమే నడిచి వచ్చి, గొర్రెలను తోలుకుని దూలం అవతలికి వెళ్లిపోయారు. సాయంత్రం పడవలు ఎక్కించుకుని నేను దూలం దగ్గరికి వచ్చేసరికి, పొద్దునటి చోటే కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. ఈసారి అక్క కూడా ఉంది, ఇంకా మొగుడు ఇంటికి రాలేదేమని సద్ది పట్టుకుని వచ్చింది.

"ఇప్పుడెట్ల వస్తవు పిల్లా?" అన్నాడు. "గొర్లు ఇటున్నయి, నువ్వు అటున్నవు."

నేను ఇంజన్ ఆపాను. తాళం తీసి కొంగున ముడేసుకున్నాను. దిగి, చెప్పులు విడిచి, బండి నీడన కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

"నాకేం తొందర బావా? నా పడవలు నీళ్ల కాడికి చేరినయి, నా పని అయిపోయింది. రేపు పొద్దుగాల అంగడికి బండి నాకా కావాల్సింది?"

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది? బండికేమైంది?" అంది అక్క. దూలం వైపు, కొమ్ముల వైపు, అతుకు వైపు చూపించాను. అక్క అతుకును చూసింది, మొగుణ్ణి చూసింది. "ఎవరు చెప్పిండ్రు గా ముక్క అతకమని?"

"ఊకె... పరాచికానికి..."

"ఎక్కించు గొర్లను," అంది అక్క.

తుమ్మకాయలు అయిపోయాయి. ఒక్కో గొర్రెను చంకల కింద పట్టి, దూలం కింద నుంచి మోసుకొచ్చి, బావే ఎక్కించాడు. సగానికే ఆయన చొక్కా తడిసి ముద్దయింది. ఎవరమూ చెయ్యి వెయ్యలేదు. అన్నీ ఎక్కాక చూస్తే కొన్ని మధ్యాహ్నం తోలుకుపోయినప్పుడే దారి తప్పి ఊరి వైపు పోయినట్టున్నాయి, ఇంకా ఒక వేలు మందం తగులుతోంది.

"నువ్వు కూడ ఎక్కు," అంది అక్క.

గొర్రెల మధ్య మెడ వంచుకుని, నెత్తి మీద నా పడవలతో నిలబడ్డాడు బావ. బండి మెల్లగా దూలం కిందికి పోనిచ్చాను. సరిగ్గా సగం దూరాక బ్రేకు నొక్కాను.

"అరె, ఆపినవేంది? పొట్టేలు కాలు తొక్కుతాంది!"

"బావా, శనివారాలు ఎవరియి?"

"నీయే! నీయే తల్లీ!"

అయినా కాలు బ్రేకు మీద నుంచి తీయలేదు.

"నాకు వినబడలే. అక్కకు చెప్పు."