కడిగిన మోరీ

కడిగిన మోరీలో ట్రాక్టర్ చెత్త కుమ్మరించింది.

గ్లోరీ చూస్తూనే ఉంది. పొద్దున్నే వచ్చి తానూ, అనంతమ్మా, తక్కిన సఫాయి ఆడవాళ్లూ కలిసి చెత్త ఎత్తి కడిగిన మురుగు కాలువ అది. కుళ్లిన టమాటాలు, పసిపిల్లల డైపర్లు, కోళ్ల దుకాణం పేగులు, ఎత్తినవన్నీ మళ్లీ అందులోకే జారాయి. అరుగు కింద పడుకున్న కుక్క కూడా లేచి దూరంగా పోయింది.

“ఏందన్నా ఇది? మతి గిట్ల పోయిందా?”

కాంట్రాక్టరు రామచందర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “షూటింగ్ కోసం. ముందుగాల గలీజు చూపెట్టాలె, ఎన్క సాఫ్ చేసేది చూపెట్టాలె. మీరేమో సినిమా తీసే పిల్లలు రాకముందే సాఫ్ చేసి కూసున్నరు.”

అంటే తప్పు వాళ్లదే. పని వేళకు చేశారు.

జహీరాబాద్‌లో కరెంటు కోతలూ, తప్పిపోయిన మేకలూ, రిబ్బను కత్తిరింపులూ చూపించే కేబుల్ ఛానెల్ ఒకటి ‘మెరిసే మన పట్నం’ అని లఘుచిత్రాల పోటీ పెట్టింది. నిన్న సాయంత్రం చెప్పారు, ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా సినిమా అందాలి. బహుమతి ఇచ్చేది రామచందరే. సినిమాలో మంచివాడూ ఆయనే. డిగ్రీ చదివే వర్షిత తన స్నేహితులతో, ఒక ఫోనుతో, అరువు మైకుతో దిగింది.

“జర జల్దీ ఆంటీ. మోరీలకు దిగి, చెత్త ఎత్తుకుంట నవ్వాలె.”

“నవ్వాల్నా?” అనంతమ్మ చేతులు చాపింది. వేళ్ల సందుల్లో పుండ్లు. “ఇవి గూడ నవ్వాల్నా బిడ్డా?”

“ఆ చేతులు తియ్యకు వర్షితా,” అన్నాడు రామచందర్. “చూసేటోళ్లకు వాంతికొస్తది.”

మోరీని చూసి గ్లోరీ ఏనాడూ అసహ్యపడలేదు. ఆ మాట విని అసహ్యపడింది. పార రోడ్డు మీద పడేసింది.

“పోసినోళ్లే ఎత్తాలె. మేం దిగం.”

“దిగకుంటె రేపటిసంది పనికి రాకుర్రి.”

అనంతమ్మ పార కూడా కింద పడింది. రత్నమ్మ మాత్రం చీపురు వదల్లేదు. “పని పోతె పిల్లల్నెట్ల సాదాలె గ్లోరీ?”

“ఇయ్యాల సినిమా అన్నడు. రేపు లీడర్ ఫోటో కోసమంటడు. ఎల్లుండి ఆయన బిడ్డ పెండ్లి వీడియో కోసం గూడ దిగమంటడు. అన్నిటికీ దిగుదామా అక్కా?”

రత్నమ్మ మోరీ వైపు చూసి చీపురును గోడకు ఆనించింది.

ఎదురింటి మనోరమ గుమ్మంలోకి వచ్చింది. “కాంట్రాక్టర్ సాబ్, నీ వాకిట్ల పోసుకోని తియ్యరాదు? సీన్ ఇంక మంచిగొస్తది.”

పక్కిళ్ల ఆడవాళ్లు నవ్వుతూ వచ్చి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డారు. వర్షిత ఫోను దించింది. అనంతమ్మ చేతుల్ని చూసింది. మళ్లీ ఎత్తింది, ఈసారి రామచందర్ వైపు.

“ఏయ్, కట్ చెయ్!”

“డైరెక్టర్ని నేనన్నా.”

రామచందర్ ఫోన్ చేశాడు, పోలీసు జీపు వచ్చింది. విధులకు ఆటంకమట. పొద్దున్నే విధులు చేసిన గ్లోరీని ఎక్కించుకు పోయారు.

స్టేషన్‌లో బల్ల మీద కూర్చోబెట్టి ఎస్సై ఒకటే మాట: “సారీ చెప్పి, మోరీలకు దిగి పో.”

“కడిగిన మోరీకి సారీ ఎందుకు సారూ?”

మధ్యాహ్నం ఛానెల్లో ఓ మేక దొరికిన వార్త తర్వాత, “షూటింగ్‌కు అడ్డు, ఒకరు అదుపులో” అని రెండు ముక్కలు వచ్చాయి. వర్షిత తీసిన వీడియో మాత్రం అప్పటికే వార్డు వార్డుకూ ఫోన్లలో తిరిగింది.

సాయంత్రానికి బయట చక్రాల చప్పుడు. గ్లోరీ కిటికీలోంచి చూసింది. అన్ని వార్డుల చెత్త బండ్లూ, వాటి వెంట ఆడవాళ్లూ, మగవాళ్లూ. వర్షిత వెనక్కి నడుస్తూ తీస్తోంది. స్నేహితుడొకడు “ఆరైతుంది, పోటీ బందైతది” అంటుంటే పక్కకు జరగమని చెయ్యూపింది.

ఎస్సై గేటు దగ్గరికి పరుగెత్తాడు. “గింతమంది ఎందుకొచ్చిన్రు?”

“హాజరుకు సారూ,” అంది ముందు నిలబడ్డ రత్నమ్మ. “కాంట్రాక్టర్ని హాజరు పట్టీ పట్టుకోని ఈడికే రమ్మనుర్రి. గ్లోరీ పేరు పిలిచినంకనే మా పేర్లు పిలవాలె. గప్పటిదాంక ఊర్ల ఒక్క చీపురు లేవదు.”

ఆమె గేటుకు అడ్డంగా కూర్చుంది. వెనకున్నవాళ్లు బండ్లు వదిలి, ఒక్కొక్కరుగా ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.