హీరా గుట్టకు సద్ది

మా ఆయన అబ్దుల్ మజీద్‌కు రెండే తెలుసు: చెల్క దున్నడం, గొప్పలు చెప్పుకోవడం. పెద్దమందడి అవతల గుట్ట మీది మా చెల్కకు రోజూ ఎండెక్కే వేళకు సద్ది మూట నెత్తిన పెట్టుకుని పోయేదాన్ని. పెళ్లయిన నాటి నుంచి తలలు నెరిసేదాకా అంతే. మా ఇంట్లో మగవాడు తిన్నాకే ఆడది తినాలి. ఆయన తిని మూతి తుడుచుకున్నాక మిగిలింది నాది. ఒక్కోనాడు ఏమీ మిగిలేది కాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు, చెప్పడానికి నాకు పౌరుషం అడ్డం.

మక్కా పక్కనున్న హీరా గుహ గురించి చిన్నప్పుడు మా నాన్న చెప్పేవాడు. ప్రవక్త అక్కడ ఒంటరిగా ధ్యానంలో ఉంటే బీబీ ఖదీజా ఆ రాళ్ల గుట్టెక్కి భోజనం తీసుకుపోయేదట. అంతటి తల్లి కూడా సద్ది మోసిందని తలచుకుంటే నాకు ఎంత సంబరమో! చచ్చేలోపు ఒక్కసారి నేనూ ఆ గుహ దాకా సద్ది మోయాలి. అదొక్కటే కోరిక.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో ఆ యోగం పట్టింది. వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలెక్కి, బొంబాయిలో ఓడెక్కి పోయాం. హజ్ ముగిశాక ఒకనాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే రొట్టెలు కాల్చి, ఇంటి నుంచి తెచ్చిన ఎల్లిపాయ కారం పెట్టి మూట కట్టాను.

"నీ మోకాళ్లు చూసుకున్నవా? నువ్వు కిందనే కూసో. నీ పేరు మీద గూడ నేనే నమాజు చదివొస్త," అన్నాడు మా ఆయన.

"నీ పేరు మీద నేను తింటే నీ కడుపు నిండుతదా?" అన్నాను.

దారంతా పలుగు రాళ్లే. ఓడలో పట్టిన జ్వరం ఆయన్ని పూర్తిగా వదల్లేదు, వదల్లేదని ఒప్పుకోడు. సగం దారిలో గొప్పలన్నీ అయిపోయి ఒక బండ నీడన కూలబడ్డాడు.

"ఇగ నాతోని కాదే. దిగుదాం పా. ఒక్కదానివి యాడికి పోతవ్?"

"చెల్కకు సద్ది తెచ్చినప్పుడు నా ఎంబడి ఎవరొచ్చిండ్రు?"

నవ్వాడు. ఆకలికి అసలు ఆగలేని మనిషి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మూట వైపు చూసుకున్నాను. ఇంత దూరం వచ్చింది దాన్ని పైదాకా మోయడానికే కదా! ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అయినా మూట తీసి ఆయన ఒడిలోనే పెట్టాను.

"తిను. నేనొచ్చేదాక ఈడనే ఉండు."

పైకి పోతున్న కొందరు ఆడవాళ్ల వెనక ఉత్త చేతులతో ఎక్కాను. బండల సందులోంచి ఒరుసుకుంటూ పోతే చిన్న గుహ. ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. నమాజు చదివి, "అల్లా, వట్టి చేతులతో వచ్చిన, ఏమనుకోకు," అన్నాను. ఏడుపు ఆగలేదు.

దిగొచ్చేసరికి ఎండ మండిపోతోంది. ఆయన అదే బండ కింద ఉన్నాడు. మూట ఒడిలోనే ఉంది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

"తినలేదా? మతి గిట్ల పోయిందా?"

"విప్పబోయిన. అప్పుడు యాదికొచ్చింది. చెల్కల మూట విప్పినప్పుడు, నువ్వు తిన్నవా అని నేను ఎన్నడన్న అడిగిన్నా?"

"లేదు."

"మరి ఎప్పుడు తింటుంటివే?"

"నువ్వు తిన్నంక. మిగిల్తే."

"మిగలకుంటే?"

మూట అందుకోబోతే ఇవ్వలేదు. ఆయన ముడి విప్పి, రొట్టె తుంచి, కారం అద్ది నా నోటి ముందు పట్టాడు.

"తిను ఖాజాబీ. మిగిలింది నేను తింట."

మొత్తం తినేసి కసి తీర్చుకుందామనుకున్నాను. సగంలోనే కడుపు నిండిపోయింది.