కవలల్లో పెయ్య

"లక్ష్మీ, కవలలోయ్! ఒకటి పెయ్య, ఒకటి కోడె!" అని చిట్టిబాబు పశువులపాకలోంచి కేక పెట్టేసరికి, నాగలక్ష్మి ఉప్మాకి వేయిస్తున్న జీడిపప్పు పొయ్యి మీదే వదిలేసి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరిగెత్తింది.

పెళ్ళయి నలభై రోజులు. ఆమెకి ప్రతిదీ పండగే. మొగుడి మోటార్‌సైకిలు కాలవగట్టెక్కితే కొంగు ఎగరడం పండగ. అత్తగారు గిన్నెలో విడిగా తీసిపెట్టే మీగడ పండగ. కూచిపూడి వెళ్ళి గాజులు కొనుక్కోవడం పండగ. బియ్యెస్సీ చదివిన కోడలు ముక్కు మూసుకోకుండా పేడ ఎత్తుతోందని అత్తగారు సంపూర్ణమ్మ వీధంతా చెప్పుకుంది. ఎత్తొద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు. అదీ నాగలక్ష్మికి నవ్వులాటగానే ఉంది.

పాకలో ఆవు రెండు దూడల్నీ మార్చి మార్చి నాకుతోంది. ఇంకా నిలదొక్కుకోలేని పెయ్య తూలుకుంటూ వచ్చి నాగలక్ష్మి చీర అంచు నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఆమె పకపకా నవ్వింది.

"మా కోడలి పాదం అట్టాంటిది మరి! ఏకంగా రెండు!" అంది సంపూర్ణమ్మ. "మా ఇంట్లో పెయ్య పుడితే కొత్తకోడలే పేరు పెట్టాలమ్మాయ్. జున్ను పంచే లోపు మంచి పేరు ఆలోచించు. ఒరే చిట్టీ, కోడెకి రెండు గుక్కలు చాల్లే, లాగెయ్. పెయ్యకి వదులు. రేపు మనకి పాలిచ్చేది అదే."

నాగలక్ష్మి నవ్వు సగంలో ఆగిపోయింది. ఒక కోడె, ఒక పెయ్య. డిగ్రీ రెండో ఏడు పరీక్షలో ఈ ప్రశ్నకి ఆమె రెండు పేజీలు రాసింది. కడుపులో ఇద్దరి మావీ కలిసిపోతుంది, నెత్తురు ఒకరిలోంచి ఒకరిలోకి పారుతుంది. ఎక్స్ ఎక్స్ కణాలుండాల్సిన చెల్లెలి ఒంట్లో అన్న తాలూకు ఎక్స్ వై కణాలు కూడా కాపురం పెడతాయి. వాడి హార్మోన్లు ఆమె గర్భసంచిని ఎదగనివ్వవు. పైకి పెయ్యే. కానీ అలాంటివాటిలో వందకి తొంభై చూలు కట్టవు.

అసలు ఆమె జువాలజీ తీసుకున్నదే బెజవాడ భవానీపురంలోని పుట్టింట్లో, బీరువాలో పట్టుచీరల అడుగున దొరికిన ఒక కాగితం కోసం. పైన అక్క వరలక్ష్మి పేరు, కింద క్రోమోజోముల లెక్క: నలభై ఆరు, ఎక్స్ వై. అక్కది కవలల కథ కాదు. అక్క ఒంట్లో ప్రతి కణానిదీ పుట్టుకతోనే ఆ జత. మగ హార్మోను చెప్పిన మాట ఆ ఒళ్ళు వినలేదు, ఆడపిల్లగానే పెరిగింది. పదిహేడేళ్ళు వచ్చినా పెద్దమనిషి కాలేదని ఆస్పత్రికి తీసుకెళ్తే తేలింది. "పరీక్ష చేస్తుంటే గదిలో ఏడుగురున్నారే నాగా. ఒక్కళ్ళూ నా పేరడగలేదు," అంది అక్క తర్వాతెప్పుడో, జాకెట్టుకి కాజాలు కుడుతూ.

పెళ్ళిచూపుల్లో అమ్మ, పెద్దమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగమండీ, చదువు పిచ్చి, పెళ్ళి మాటెత్తనివ్వదు అంది. పెళ్ళికి సెలవు దొరకలేదంది. పెళ్ళినాటి ఉదయం అందరూ కల్యాణమండపానికి బయల్దేరుతుంటే, అక్కని లోపల ఉంచి బయట తాళం పెట్టబోయిన అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. పెళ్ళికూతురే తాళం అందుకుని వేసింది. కిటికీ సందులోంచి అక్క గొంతు వినిపించింది: "జడలో చామంతి జారుతోంది, చూసుకోవే." ఈ నలభై రోజులుగా ఎక్కడ తలుపు మూసి కనిపించినా దాని వెనకాల ఆ గొంతు ఉంటోంది. తను ఎంత గట్టిగా నవ్వితే అంత దగ్గరగా ఉంటోంది.

మధ్యాహ్నం పశువుల డాక్టరు సంజీవరావు వచ్చాడు. కవలలని వినగానే మొహం అదోలా పెట్టి, సన్నటి గాజు గొట్టానికి నూనె రాశాడు. చిట్టిబాబు పెయ్యని కదలకుండా పట్టుకున్నాడు. దడి అవతల నలుగురు మూగారు. పెయ్య సన్నగా అరిచింది.

"గర్భసంచి దారిలో వేలెడు కూడా వెళ్ళట్లేదండీ. మామూలు పెయ్యకైతే దీనికి రెండింతలు వెళ్ళాలి. ఇది ఈనదు. మేత దండగ," అన్నాడు.

"తప్పు దానిది కాదండీ, కడుపులో నెత్తురు కలిసి..." అని నాగలక్ష్మి మొదలుపెట్టింది.

"మా ఆవిడ జువాలజీ లెండి," అని చిట్టిబాబు కన్నుగీటాడు. "ఏవోయ్, నువ్వు కవలల్లో పుట్టలేదు కదా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్, డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు."

అందరూ ఘొల్లుమన్నారు. నాగలక్ష్మి కూడా నవ్వింది. అలవాటుగా, ముద్దుగా, తల వంచుకుని నవ్వింది.

"ఇక పేరెందుకులే అమ్మాయ్," అంది సంపూర్ణమ్మ. పెయ్య మూతి పొదుగు నుంచి లాగేసి, పొద్దున తోసేసిన కోడెని అక్కడికి నెట్టింది. "ఆడదీ కాదు, మగదీ కాదు. పై వారం సంతకి తోలేద్దాం. పాకలో ఉంటేనే ఇంత నవ్వులపాలు. మనిషై ఇంట్లో ఉంటే ఆ ఇంటి పిల్లని ఎవరన్నా చేసుకుంటారా?"

నాగలక్ష్మి సాయంత్రం దాకా పనిలోనే ఉంది. ఆవుకి కుడితి పెట్టింది, పాక కడిగింది, గిన్నెలు తోమింది. నోరు విప్పితే ఏమేం పోతాయో ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చింది. కాలవగట్టూ, మీగడా, నిద్రలో తన మీద పడే అతని చెయ్యీ. విప్పకపోతే అక్క పోతుంది. ఇప్పటికే సగం పోయింది.

దీపాలు పెట్టే వేళకి తల్లీకొడుకులు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అలిగావా? సరదాకన్నాన్లే," అన్నాడు చిట్టిబాబు.

"నేనూ నవ్వానుగా," అంది ఆమె. అత్తగారి వైపు తిరిగింది. "మా అక్క హైదరాబాదులో లేదత్తయ్యా. ఎప్పుడూ లేదు. మా పెళ్ళినాడు భవానీపురంలో ఇంట్లోనే ఉంది. లోపల ఉంచి తాళం వేసింది నేను. ఎందుకని నన్నడగొద్దు. అది అక్క సంగతి, చెప్పాలనిపిస్తే అక్కే చెబుతుంది. రేపు తొలి బస్సుకి బెజవాడ వెళ్తున్నాను. వస్తానంటే సాయంత్రానికి ఇక్కడికి తీసుకొస్తాను. ఆవిడ రాకూడదంటే ఇప్పుడే చెప్పండి. తిరుగు బస్సు నేనూ ఎక్కను."