ఎర్రచుక్క గ్లాసు

ఫ్రీజరు తలుపు తీయగానే చలిపొగ మొహానికి కొట్టింది. ల్యాబ్ ఆయా మందపాటి తొడుగులు వేసుకుని, ఆ రోజు పరీక్షలకు కావలసిన గొట్టాలు ఏరి ట్రేలో పెట్టుకుంటోంది. గాజుసామాను కడిగి కడిగి వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయాయి. వంగి వంగి నడుము వంగిపోయింది. రోజూ అలవాటుగా అడుగు అరలో మూలకు చెయ్యి పోయింది గానీ, అక్కడ ఖాళీ. ఆ రెండు గొట్టాలూ ఇప్పుడు ల్యాబ్ పెద్ద మేడమ్ దగ్గరున్నాయి.

ఒకదాంట్లో ఉన్నది జ్వరంతో పోయిన ఈ ఆయా బిడ్డ రక్తంలో దొరికిన క్రిమి. రెండోది ఆ బిడ్డకు పాలు పట్టిన తోటికోడలి చేతి మీద దొరికినది. ఈమే పట్టుబట్టి తీయించింది. అప్పటి పరీక్ష రెండూ ఒకటే అంది. ఆనాటి నుంచి తోటికోడలి పేరెత్తితే చాలు, ఈమెకు ఒళ్ళు భగ్గుమంటుంది.

ఆ తోటికోడలే పెద్దామె. మొగుడు పోయి, ఒళ్ళు చెడి, వేరే దిక్కులేక ఈమె వసారాలోనే వచ్చి పడింది. ఈమె పొమ్మనలేదు. పొమ్మంటే పీడ విరగడవుతుంది గానీ పగ తీరుతుందా! ఎర్రరంగు చుక్క పెట్టిన గ్లాసొకటి విడిగా ఉంచి, అందులోనే నీళ్ళు పోసేది. "నీ చెయ్యి తగిలింది మా ఇంట్లో ఎవరూ ముట్టరు" అని చుట్టాల ముందే అనేది. పెద్దామె ఆ గ్లాసులోనే తాగి, కడిగి, కిటికీలో బోర్లించేది.

జన్యువుల్ని అక్షరం అక్షరంగా చదివే కొత్త యంత్రం రాగానే ఈమె మేడమ్ కాళ్ళావేళ్ళా పడి ఆ గొట్టాలు పెట్టించింది. తిరుగులేని రుజువు తెచ్చి, నలుగుర్నీ కూర్చోబెట్టి తోటికోడలి మొహాన కొట్టాలి.

"ఏమ్మా, నీవి తేలాయి" అంది మేడమ్. "ఇన్నాళ్ళూ వీటిని ఒకే గాటన కట్టేశాం. పైకి అచ్చు ఒకేలా ఉంటాయి మరి. చదివి చూస్తే ఇంటిపేరొకటే గానీ దగ్గర చుట్టాలు కూడా కావు. ఆమె చేతిది ఎవరి చర్మం మీదైనా ఉండేదే. బిడ్డ ప్రాణం తీసింది వేరు."

"మళ్ళీ చూడండి మేడమ్."

"చూశాకే చెబుతున్నా."

ఈమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. యంత్రం మీద, మేడమ్ మీద, అందరికంటే ఎక్కువగా తోటికోడలి మీద. నోటికాడి కూడు లాగేసుకున్నట్టయింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్తే పెద్దామె మంచంలోంచే తల తిప్పింది.

"వచ్చావా చెల్లీ? ఆ మిషను ఏమందే? నేనేనా?"

కాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తను ఇన్నేళ్ళు కుమిలింది, అది ఇంకో పూట ఉడికితే కొంపలేం మునిగిపోవు.

"ఇంకా రాలేదు. రేపు చెబుతారట."

"నేనే అయినా సరే, దాచకే. తెలుసుకుని పోతాను."

"రేపన్నానా!"

పెద్దామె తలూపి, నీళ్ళు తాగి, గోడ పట్టుకుని లేచి గ్లాసు కడగడానికి వెళ్ళింది. ఈమె చూస్తూ కూర్చుందే తప్ప చెయ్యి అందించలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ దారి పొడుగునా తిట్టుకుంది. కాసేపు దాన్ని, కాసేపు తనని. చెప్పులైనా విడవకుండా వసారా గుమ్మంలోంచే అనేసింది.

"నువ్వు కాదే అక్కా! విన్నావా? నువ్వు కాదు!"

పెద్దామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం పట్టి కుదిపింది. ఊపిరి లేదు, ఒళ్ళు అప్పుడప్పుడే చల్లబడుతోంది.

కిటికీలో ఎర్రచుక్క గ్లాసు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది, దాని చుట్టూ తడి ఇంకా ఆరలేదు.